పంపు తుపాకియా? ఆటోమేటిక్ తుపాకియా?



ముప్పదియేండ్లకు పైగా బాలురకు సంధులను, సమాసములను నూరిపోసి, ఇప్పుడు సీతమ్మధారలో పింఛను పుచ్చుకొనుచు కూర్చున్న తెలుగు పండితుడు తుపాకులను గూర్చి ప్రసంగించుటయా యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. నా చేతికి అలవడిన ఆయుధము బెత్తము. అదియును నా ఉద్యోగపు చివరి దినములలో నిషిద్ధమైనది. అయినను ఈ విషయమును గూర్చి నన్నడిగిన వాడొకడున్నాడు. అతనికి చెప్పిన సమాధానమునే మీకును విన్నవించుచున్నాను.

సంక్రాంతి వెళ్లిన తరువాత ఒకనాటి యుదయమున చోడవరము దాపున నున్న యొక పల్లెనుండి నా పూర్వ శిష్యుడొకడు వచ్చెను. చేతిలో బెల్లపు దిమ్మ, చంకలో కాగితముల సంచి. తండ్రి గతించి ఆరు మాసములైనదట. తండ్రి పేర జంటగొట్టపు తుపాకి యొకటి, దానికి లైసెన్సు ఉన్నవి. తుపాకిని స్టేషనులో అప్పగించినారు. పొలమున చెఱకును, మొక్కజొన్నను అడవిపందులు రాత్రికి రాత్రి పాడుచేయుచున్నవి.

"మేష్టారూ, నాన్నగారి తుపాకి పాతబడిపోయింది. కొత్తది కొందామనుకుంటున్నాను. పంపుది కొనమంటారా, ఆటోమేటిక్కు కొనమంటారా?" అని అడిగి, తన చేతిఫోనులో అమెరికా దేశపు బొమ్మలు రెండు చూపించెను. ఒక బొమ్మలో గడ్డపు పెద్దమనిషి యొకడు గొట్టము క్రింది కఱ్ఱను వెనుకకు లాగుచు, ముందునకు త్రోయుచు పేల్చుచున్నాడు. రెండవ దానిలో ఒక యువతి ఏమియు లాగకుండగనే అయిదు మాఱులు పేల్చినది.

"నన్నే ఎందుకు అడుగుతున్నావు నాయనా?" అంటిని.

"ఎనిమిదో తరగతిలో మీ బాబయ్యగారి కాలి కథ చెప్పారు కదండీ. మఱచిపోలేదు" అనెను.

ఆ కథ తరువాత చెప్పెదను. ముందుగా ఈ యంత్రముల తీరు తెలియవలయును.

మన పల్లెలలో సామాన్యముగా తుపాకి యనిన సీసపు గుళికలను వెదజల్లు నున్నని గొట్టపు తుపాకియే. రైఫిలు వేఱు. దాని గొట్టములోపల మెలికలు తిరిగిన గాళ్లుండును. ఒక్క గుండే పోవును. చాల దూరము పోవును. నున్నని గొట్టపు తుపాకిలో గుళికలు గుంపుగా బయలుదేఱి, గజము గజమునకు రమారమి అంగుళము చొప్పున విచ్చుకొనుచు పోవును. నలువది గజములు దాటిన పిమ్మట ఆ గుంపు పలుచనై గుఱిని నమ్మదగినది కాదు. అంతమాత్రమున గుళిక అక్కడ ఆగిపోవునని తలపరాదు. పెద్ద గుళిక కొన్ని వందల గజములు పోయి యెవని పాకలోనో పడగలదు.

పన్నెండు బోరు అను మాటకు అర్థమడిగిన తుపాకి గలవారే చాలమంది తెల్లబోవుదురు. ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా పోసినచో అందులో ఒక గుండు ఏ గొట్టములో సరిగా పట్టునో అది పన్నెండు బోరు. పదునాఱు గుండ్లుగా పోసిన పదునాఱు బోరు. కనుక అంకె పెరిగినకొలది గొట్టము సన్నమగును. ఇది తెలియక ఇరువది బోరు తూటాను పన్నెండు బోరు గొట్టములో పెట్టినచో అది జాఱి లోపల ఇఱుకుకొనును. తూటా పెట్టలేదనుకొని వెనుక మఱియొకటి పెట్టి పేల్చినచో గొట్టము పగిలి చేతులు పోవును. పన్నెండు బోరు తూటాలో సామాన్యముగా మూడు తులములకు కొంచెము తక్కువ సీసముండును.

ఇక మన ప్రశ్నకు వచ్చెదము.

జంటగొట్టపు తుపాకి మీరెఱిగినదే. మడతపెట్టి విఱిచిన వెనుకభాగము తెఱచుకొనును, రెండు తూటాలు పెట్టి మూయుదుము, రెండు మాఱులు పేలును, అంతటితో సరి. ఈ రెంటికి మించి పేల్చవలయునను కోరికనుండి పుట్టినవే పంపు తుపాకియు, సెమీ ఆటోమేటిక్ తుపాకియు. రెంటిలోను ఒకే గొట్టము. దాని క్రింద అంతే సన్నని మఱియొక గొట్టము. ఆ క్రింది గొట్టములో నాలుగైదు తూటాలు ఒకదాని వెనుక నొకటిగా, కావడిలో కుండలవలె గాక కణుపులలో చెఱకువలె, వరుసగా నిలిచియుండును. వెనుక నొక స్ప్రింగు వానిని త్రోయుచుండును.

భేదమంతయు ఆ తూటాను పైగొట్టములోనికి ఎవరు ఎక్కింతురనుటలో నున్నది. పంపు తుపాకిలో మనుష్యుడు ఎక్కించును. ఎడమచేతితో పట్టుకొన్న కఱ్ఱపట్టును కమ్మరి తిత్తి లాగినట్లు వెనుకకు లాగినచో పేలిన తూటాతొడుగు ప్రక్కకు ఎగిరిపడును. ముందునకు త్రోసినచో క్రొత్త తూటా లోపలికి పోయి తలుపు మూసుకొనును. ప్రతి పేల్పునకును ఈ పని చేయవలసినదే. చేయకున్న తుపాకి కఱ్ఱతో సమానము.

సెమీ ఆటోమేటిక్ తుపాకిలో ఆ పనిని పేలిన తూటాయే చేయును. పేలినపుడు వెనుకకు తన్నెడి తన్ను మనకందఱకు భుజమెఱిగినదే. వ్యర్థముగా భుజమును నొప్పించు ఆ బలమును పట్టి పనిచేయించినవాడు జాన్ మోసెస్ బ్రౌనింగు. అమెరికాలో యూటా సీమయందలి ఆగ్డెన్ పట్టణమున 1855లో పుట్టినవాడు. తండ్రియు తుపాకులు చేయువాడే. పేరుపొందిన తొలి పంపు తుపాకులలో కొన్ని, 1893, 1897 సంవత్సరముల పేర వించెస్టర్ కంపెనీ చేసినవి, అతడు కల్పించినవే. ఆ 1897 నాటి పంపు తుపాకిని మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైనికులు కందకములలో వాడగా, అది క్రూరమని 1918లో జర్మనీ ప్రభుత్వము ఆక్షేపణ పత్రము పంపినది. విషవాయువును ప్రయోగించినవారు ఈ మాట యనుట విడ్డూరమే.

బ్రౌనింగు తరువాత తన ఆటోమేటిక్ తుపాకిని కల్పించి 1900లో పేటెంటు పొందెను. అంతవఱకు తన కల్పనలను రొక్కమునకు అమ్మినవాడు ఈసారి ప్రతి తుపాకిపైనను కొంత వాటా కోరెను. వించెస్టర్ వారు ఒప్పుకొనలేదు. రెమింగ్టన్ కంపెనీ అధ్యక్షుని కలిసికొనుటకు 1902 జనవరిలో పోయి వేచియుండగా, ఆ అధ్యక్షుడు గుండె ఆగి మరణించెనని వార్త వచ్చెను. బ్రౌనింగు ఓడయెక్కి బెల్జియమునకు పోయి, లియేజి నగరము దాపున హెర్స్టాలులోని ఫాబ్రిక్ నాసియోనాల్ కర్మాగారమునకు దానిని ఇచ్చెను. ఆ తుపాకిని ఇరువదవ శతాబ్ది ముగియువఱకు చేయుచునే వచ్చినారు. బ్రౌనింగు 1926లో ఆ హెర్స్టాలులోనే, పనిస్థలమునందే కన్ను మూసెను.

ఆ తుపాకిలో పేలినపుడు గొట్టమును, వెనుక తలుపును కలిసి వెనుకకు జరుగును. తొడుగును పాఱవైచి, క్రొత్త తూటాను ఎత్తుకొని, స్ప్రింగు బలముతో మరల ముందునకు వచ్చును. తరువాత వచ్చిన కొన్నిటిలో గొట్టమునకు చిన్న రంధ్రములు పెట్టి, తూటా పొగలో కొంత భాగముచేత ఒక ముషలకమును త్రోయించి ఈ పని చేయించినారు. ఎట్లు చేసినను ఫలమొక్కటే: మీట నొక్కి విడిచిన పిమ్మట తుపాకి మరల నిండియే యుండును. మీట నొక్కినంతసేపు వరుసగా పేలుచునే యుండు మరతుపాకి వేఱు. దానితో దీనిని కలుపరాదు. దీనిలో ఒక్క నొక్కునకు ఒక్క పేల్పే.

"మరల నిండియే యుండును" అను ఈ మాటను మనస్సున పెట్టుకొనుడు. మా బాబయ్యగారి కథయంతయు అందులోనే యున్నది.

1969 ప్రాంతమున నాకు తొమ్మిదేండ్లు. మా పినతండ్రిగారు అనకాపల్లికి ఎగువ నొక పల్లెలో వ్యవసాయము చేయుచుండిరి. ఆ యూర పూర్వము ఒక జమీందారీ కచేరిలో పనిచేసిన వృద్ధుడొకడుండెను. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో కచేరి పోయినది గాని, దొరగారు దయచేసిన బెల్జియము తుపాకి మాత్రము పాత లైసెన్సు మీద ఆయనయొద్దనే నిలిచినది. వేటను నిషేధించిన చట్టమింకను రాలేదు. పందులు పడినవని కబురు వచ్చిన రాత్రి ఆయన తుపాకితోను, మా బాబయ్యగారు బల్లెముతోను, నేను లాంతరుతోను పోయితిమి. నన్ను రావలదని పిన్నిగారు ఎంత చెప్పినను వినలేదు.

మంచె దగ్గఱ ఆ వృద్ధుడు రెండు మాఱులు పేల్చెను. పంది పడలేదు, చెఱకుతోటలో పడి పోయినది. ఆయన ఆయాసపడుచు తుపాకిని మంచె అడుగుకఱ్ఱకు ఆనించి, నెత్తురు జాడ యున్నదేమో చూచుటకు లాంతరడిగెను. మా బాబయ్యగారు తుపాకిని భద్రముగా తీసిపెట్టబోయి, ఒక్క క్షణము ఆగి, "ఖాళీయేనా?" యని అడిగిరి. ఆయనకు తెలిసినది జంటగొట్టపు తుపాకియే. నాకు తెలిసినదియు అదియే. "రెండూ పేలిపోయాయి బాబయ్యా, నేను లెక్కపెట్టాను" అని నేనంటిని.

ఆయన తుపాకిని గొట్టము క్రిందికి వ్రేలాడునట్లు ఎత్తిరి. భుజముమీది గొంగడి త్రాడు మీటకు తగులుకొనెను. మూడవ తూటా పేలెను.

తెల్లవాఱునప్పటికి ఎడ్లబండి మీద అనకాపల్లికి, అటనుండి విశాఖపట్టణమునకు తీసికొనిపోయినారు. ఎడమపాదపు వ్రేళ్లు మూడు పోయినవి. ఆయన బ్రదికి, నలువది యేండ్లు చెప్పుకాలిలో దూది కుక్కుకొని నడిచిరి. ఎన్నడును నన్నొక్క మాట యనలేదు. తరగతిలో ఈ కథను చాల మాఱులు చెప్పితిని గాని, ఖాళీయని లెక్క చెప్పినది నేనే యను ముక్కను మాత్రము ఇంతవఱకు ఎవరికిని చెప్పలేదు. ఆనాడు మొదటిసారి నా శిష్యునికి చెప్పితిని.

కావున గుణదోషములను విచారించునపుడు నా తక్కెడ కొంచెము వంగియుండునని మీరు గ్రహింపవలయును. అయినను న్యాయముగా చెప్పెదను.

ఆటోమేటిక్ తుపాకికి గుణములు లేకపోలేదు. తన్నులో కొంత భాగము యంత్రమును నడపుటలో ఖర్చగుటచేత భుజమునకు నొప్పి తక్కువ. ముఖ్యముగా పొగబలముతో నడచునవి మెత్తగా తన్నును. వయస్సు మీఱినవారికిని, ఎడమచేతిలో బలము చాలనివారికిని ఇది చెప్పుకొనదగిన సౌఖ్యమే. గుఱినుండి కన్ను మరల్చకుండ రెండవసారి పేల్చవచ్చును. ఎగురు మట్టిపళ్లెములను కొట్టు పందెములలో దీనిని మెచ్చుకొనుట అందుచేతనే.

కాని అది తిండి విషయమున సుకుమారి. తూటాలో బలము సరిపోయిననే యంత్రము పూర్తిగా వెనుకకు పోయి వచ్చును. మందు బలహీనమైనదో, తేమ తగిలినదో, తొడుగు సగము బయటకు వచ్చి తలుపులో ఇఱుకుకొనును. బ్రౌనింగు తుపాకిలో బరువు తూటాలకు ఒక తీరున, తేలిక తూటాలకు ఒక తీరున లోపలి ఉంగరములను మార్చి అమర్చుకొనవలయును; తెలియనివాడు అమర్చినచో గాని తుపాకి నడువకుండును, లేదా లోపల దెబ్బతినును. పొగతో నడచువానిలో మసి పేరుకొనును. విప్పి తుడుచుట తెలియవలయును. మా విశాఖ తీరమున ఉప్పుగాలికి కిటికీ చువ్వలే పదేండ్లలో పొరలు పొరలుగా ఊడిపోవును. ఇన్ని సన్నని ముక్కలు గల యంత్రమును ఈ గాలిలో కాపాడుట శివార్చన వంటి నిత్యకృత్యమే.

పంపు తుపాకికి ఆ బెంగ లేదు. తూటా బలమైనదైనను, బలహీనమైనదైనను దానిని నడపునది చేయి. ఒక తూటా పేలకపోయిన లాగి పాఱవైచి మఱియొకటి ఎక్కింపవచ్చును. ముక్కలు తక్కువ, ధర తక్కువ. అమెరికాలో రెమింగ్టన్ వారు 1950లో మొదలిడిన 870 అను పంపు తుపాకులు కోటికి పైగా తయారైనవనిన దాని మోటుతనమే కారణము. మన దేశమునను తిరుచిరాపల్లిలోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారము పన్నెండు బోరు పంపు తుపాకిని చేసినది.

దీనికిని దోషములున్నవి. రెండు చేతులును గట్టిగా ఉండవలయును. కంగారులో సగము లాగి త్రోసినచో తొడుగు పోదు, క్రొత్తది రాదు; మీట నొక్కిన టిక్కుమనును. అలవాటు లేనివానికి చీకటిలో పంది యెదుట నిలిచినప్పుడు ఇదియే జరుగును. ఏటికి రెండు తూటాలు పేల్చువాడు దీనిని కొనిన ప్రయోజనమేమి? చేయి మఱచిపోవును.

ఇంకొక మాట. తుపాకి నిండియున్నదో లేదో తెలియుట అను విషయమున పంపు తుపాకి ఆటోమేటిక్ కంటె కొంత మేలు, జంటగొట్టము కంటె చాల కీడు. పేల్చిన పిమ్మట మనుష్యుడు కావలెనని లాగిననే గాని మఱియొకటి పైకి రాదు, ఇది మేలు. కాని క్రింది గొట్టములో ఎన్ని మిగిలినవో పైకి కనబడదు. పైగొట్టము ఖాళీయని చూచి సంతోషించి, మరల కఱ్ఱను ముందునకు త్రోసినవాడు తన చేతులతో తానే దానిని నింపుకొనవచ్చును. జంటగొట్టపు తుపాకిని విఱిచి చూచిన రెండు కన్నములనుండి ఆకాశము కనబడును. దానికి లెక్కతో పనిలేదు. తొమ్మిదేండ్ల బాలుని మాటతోను పనిలేదు.

ఇంతవఱకు చెప్పి, "నాయనా, ఇదంతా నువ్వు అమెరికాలో ఉంటే" అని మా శిష్యునితో అంటిని. అతడు తెల్లబోయెను.

ఏలయన మన దేశమున ఈ ప్రశ్నకు సగము సమాధానము చట్టమే చెప్పియున్నది. ఆయుధముల చట్టము 1959లో చేయబడి 1962లో అమలులోనికి వచ్చినది. దాని క్రింద 1962లో చేసిన నియమావళిలోను, దానికి బదులుగా 2016లో వచ్చిన నియమావళిలోను సెమీ ఆటోమేటిక్ తుపాకులను, పిస్తోళ్లు మొదలగునవి మినహాయించి, మొదటి తరగతిలో చేర్చినారు. ఇరువది అంగుళములకు తక్కువ గొట్టము గల నున్నని తుపాకులును ఆ తరగతిలోనివే. ఆ తరగతి ఆయుధము రైతునకు జిల్లా కచేరిలో దొరకు వస్తువు కాదు. అది కేంద్ర ప్రభుత్వము చేతిలోని మాట. చేతితో నింపుకొను పంపు తుపాకి మాత్రము, గొట్టము ఇరువది అంగుళములకు తగ్గనిచో, జంటగొట్టపు తుపాకి వలెనే సామాన్యమైన తరగతిలోనిది.

అంతకంటె చిత్రమైన సంగతి యొకటి కలదు. పైరుకావలికి లైసెన్సు నడుగు రైతునకు చట్టము మొదట చూపునది పంపు తుపాకియు కాదు, జంటగొట్టమును కాదు. ఆ చట్టపు పదమూడవ సెక్షను మూతినుండి మందు దట్టించు తుపాకిని పైరుకావలికి తగినదిగా చెప్పినది. అది చాలదని అధికారికి తోచిననే మఱియొక నున్నని గొట్టపు తుపాకికి అనుమతి నీయవచ్చును. కావున పంపు తుపాకి కోరువాడు నాటు తుపాకి ఎందుకు చాలదో అర్జీలో వ్రాసి ఒప్పింపవలయును. ఆత్మరక్షణకని అడిగిన దారి వేఱు. అచ్చట ఇరువది అంగుళముల గొట్టపు తుపాకి మొదటనే అడుగవచ్చును. ఏ కారణము వ్రాసిన ఆ కారణమునకు కట్టుబడి యుండవలెను.

ఈ మందు దట్టించు తుపాకి మన మన్నెమునకు క్రొత్తది కాదు. 1878 నాటి ఆయుధముల చట్టముచేత ఆంగ్లేయులు దేశీయులను నిరాయుధులను చేసిరి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి అల్లూరి సీతారామరాజు మొట్టమొదట తీసికొనినవి తుపాకులును, తూటాలును.  ఏమేమి తీసికొనెనో వ్రాసియిచ్చెనని మన్నెమున ఇప్పటికిని చెప్పుకొందురు. మన్నెపు పల్లెలలో నాటు తుపాకుల అలవాటు ఆ తరువాతను పోలేదు. లైసెన్సు లేని వానిని అప్పగింపుడని పోలీసువారు అప్పుడప్పుడు అడుగుచునే యున్నారు. పొడవాటి గొట్టములో మందును కొలత తెలియక దట్టించి కన్నులు పోగొట్టుకొన్నవారు ఎందఱో. చట్టము దానిని తక్కువ ప్రమాదమనుకొన్నది కాబోలు. దాని యెదుట నిలిచినవానికి అదియే గావచ్చును, వెనుక నిలిచినవానికి కాదు.

ఇంకొక చట్టము కూడ కలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. తుపాకికి లైసెన్సున్నంతమాత్రమున పందిని చంపుటకు అనుమతి యున్నట్లు కాదు. అడవిపంది ఆ చట్టపు పట్టికలోనిది. పైరును పాడుచేయు మృగమును చంపవలయుననినను రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని, లేక ఆయన అధికారమిచ్చిన వారి, వ్రాతమూలకమైన అనుమతి కావలయును. ప్రాణరక్షణకై చేసినది వేఱు మాట. ఈ సంగతి చెప్పగా మా శిష్యుని ముఖము వాడిపోయెను. "మఱి తుపాకి ఎందుకు మేష్టారూ?" అనెను. పైరుకావలిలో తుపాకి చేయు పనిలో ముప్పాతికపాలు చప్పుడేనని అతని తండ్రియే నాతో ఒకప్పుడు చెప్పియుండెను. ఆ చప్పుడునకు ఒక గొట్టము చాలును. చప్పుడు చేయునప్పుడును గొట్టము ఎటు చూచుచున్నదో చూచుకొనవలయును, ప్రక్క మంచెమీద మఱియొక రైతు నిదురించుచుండును గనుక. తుపాకి లేదని పొలము చుట్టును కరెంటు తీగలు కట్టువారి పని మఱింత ఘోరము. తెల్లవాఱి చూచిన పందికి బదులు పాలేరు పడియుండును.

ఇక పాత తుపాకి మాట. 2016 నియమావళి ప్రకారము లైసెన్సుదారుడు గతించినపుడు వారసుడు ఆ తుపాకికే తన పేర లైసెన్సు కోరవచ్చును. గతించుటయే అక్కఱలేదు. డెబ్బదియేండ్లు నిండినను, తుపాకి ఇరువదియైదేండ్లు చేతిలో నున్నను బ్రదికియుండగనే వారసునికి బదలాయింపుమని అడుగవచ్చును. ఈ సంగతి నా యీడు పెద్దలు గమనింపవలయును. కన్ను మసకబాఱిన తరువాతను గోడకు తుపాకి వ్రేలాడవేసికొని కూర్చుండుట పరువనుకొనువారు మనలో ఉన్నారు. 2019లో చట్టమును సవరించి ఒక మనుష్యునికి రెండు తుపాకులకు మించి యుండరాదనిరి, అంతకుముందు మూడు. లైసెన్సు కాలమును మూడేండ్లనుండి అయిదేండ్లకు పెంచిరి. లైసెన్సు కోరువానికి ఇరువదియొక యేండ్లు నిండవలెను. భద్రముగా వాడుటయందు శిక్షణ పొందవలెను. పల్లెలవారు అడుగవలసినది జిల్లా మేజిస్ట్రేటు కచేరిలో. విశాఖ నగరములోనివారు పోలీసు కమిషనరు కచేరిలో.

తండ్రిగారి తుపాకిని బాగుచేయువానికి చూపుమంటిని. గొట్టములు లోపల గుంటలు పడినవా, విఱుచుచోట కీలు వదులైనదా, మీట మరీ తేలికగా నొక్కుకొనుచున్నదా అని మూడు సంగతులు అడుగుమంటిని. ఈ మూడును బాగున్న ఏబదియేండ్ల జంటగొట్టము పాతది కాదు. గొట్టము గుంటలు పడినయెడల దానిని పేల్చరాదు. అప్పుడు క్రొత్తది కొనుము, కావలయునన్న పంపుదే కొనుము, కాని ముందు అలవాటు చేసికొనుమంటిని. తూటాలను సంవత్సరముల తరబడి దూలముమీద పెట్టరాదు. పూర్వపు అట్టతొడుగు తూటాలు వానకాలములో ఉబ్బి గొట్టములో దూఱకుండెడివి. ప్లాస్టిక్ తొడుగులకు ఆ బాధ లేదుగాని లోని మందునకు వేడి పనికిరాదు. తుపాకికి ఆముదము పూయు అలవాటు కొన్ని యిండ్లలో నున్నది. అది కొన్నాళ్లకు జిగురై దుమ్మును పట్టి కీళ్లను బిగియించును; తుపాకికని అమ్ము పలుచని నూనెయే వాడవలెను. తుపాకియొక పెట్టెలో, తూటాలు వేఱొక పెట్టెలో, రెండు తాళపుచెవులును ఇంటి యజమాని మొలత్రాటికి. ఇంత చెప్పునప్పటికి మధ్యాహ్నమైనది. అతడు మాతో భోజనము చేసి, కాగితములు సర్దుకొని పోయెను.

రెండు మాసముల తరువాత ఫోను చేసెను. కుడిగొట్టము బాగున్నదట, ఎడమగొట్టములో మూతివైపు గుంటలున్నవట. బాగుచేయువాడు ఎడమదానిని ఎన్నడును వాడవలదనెనట. "నాన్నగారి తుపాకి ఇప్పుడు ఒంటిగొట్టం అయిపోయింది మేష్టారూ. అయినా దాని మీదే నా పేరు పెట్టమని అర్జీ పెట్టాను. పంపుది వచ్చే ఏడు చూద్దాం" అనెను. ఎడమ కన్నములో పొరబాటున తూటా పెట్టకుండ ఏమి చేసితివని అడిగితిని. బాగుచేయువానిచేతనే ఆ వైపు సుత్తిని తీయించి, కన్నమునకు ఎఱ్ఱరంగు పూసిన కొయ్యబిరడా కొట్టించినాడట. ఆ సంగతి అర్జీలోను వ్రాసినాడట.

"విఱిచి చూస్తే ఒకవైపు ఆకాశం, ఒకవైపు ఎఱుపు కనబడుతున్నాయండీ" అని చెప్పెను.